మంగలికత్తికి కొత్త పిడి

మన వార్షిక సంచికలో సైన్సు విద్యార్థులు రాసే వ్యాసాలు ప్రతి ఏడూ రెండే రకాలుగా వుంటున్నాయి. ఒకటి కృష్ణబిలాల మీద, రెండోది వాతావరణ కాలుష్యం మీద. రెండూ గొప్ప విషయాలే, కాదనను. కాని కృష్ణబిలాన్ని నేను చూడలేదు. చూసివుంటే ఈ వ్యాసం రాయడానికి మిగిలేవాణ్ణి కాదు. కాలుష్యం గురించి నాకు తెలిసినంతా మీకూ తెలుసు. అంచేత నేను నా చేతుల్తో విప్పి, మళ్ళీ బిగించిన ఒక చిన్న వస్తువు గురించి రాస్తున్నాను. అది మడత మంగలికత్తి. సరిగ్గా చెప్పాలంటే కత్తి కూడా కాదు, దాని పిడి. సంపాదకవర్గంవారు దీన్ని సైన్సు కింద వేస్తారో, ఇతరముల కింద వేస్తారో వారి ఇష్టం.

మాది పల్నాటి పక్క ఊరు. నల్లరేగడి నేల, మిరప, పత్తి. తాతయ్యకి ఎనభై రెండేళ్ళు. ఆయన తనదని చెప్పుకునే వస్తువులు ఇంట్లో మూడే: చేతికర్ర, కళ్ళజోడు, ఈ కత్తి. కత్తి ఆయన కొన్నది కాదు. మా ముత్తాత తమ్ముడొకాయన రెండో ప్రపంచయుద్ధంలో సైన్యంలో చేరి, 1945లో తిరిగొస్తూ కలకత్తాలో పాతసామాన్ల అంగట్లో కొన్నాడట. ఆయనకి పిల్లలు లేరు. కత్తి తాతయ్యకొచ్చింది. అలుగు మెడ మీద 'సోలింజెన్' అని చెక్కి వుంటుంది. అది జర్మనీలో కత్తుల ఊరు. ఎవడు పడితే వాడు తన కత్తుల మీద ఆ ఊరి పేరు కొట్టుకోకుండా 1938లోనే అక్కడ చట్టం చేశారు. మన గుంటూరు సన్నం మిరపకి భౌగోళిక గుర్తింపు వున్నట్టే అనుకోండి.

క్రితం ఏప్రిల్లో ఆ కత్తి తాతయ్య చేతిలోంచి జారి అరుగుమీది నాపరాతి బండ మీద పడింది. మడిచి వుంది కాబట్టి అలుగుకేమీ కాలేదు. పిడి మాత్రం నాలుగు ముక్కలయింది. అమ్మ కొట్టునుంచి ప్లాస్టిక్ రేజరు తెప్పించింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేందమ్మా, పిల్లకాయలాడుకునేదిలా వుంది," అని గూట్లో పెట్టేశాడు. గడ్డం పెరగసాగింది. మావైపు ముసలాయన గడ్డం పెంచాడంటే మొక్కయినా వుండాలి, మైలయినా వుండాలి. దారిన పోయే ప్రతివాడూ, "ఏం పెద్దాయనా, ఎవరన్నా పోయారా?" అనడం. "పోయిందయ్యా, పిడి పోయింది," అని ఈయన జవాబు. నవ్వుతూనే అనేవాడుగాని, మూడు వారాలయ్యేసరికి అరుగు మీదికి రావడం మానేశాడు.

మరి మంగలి షాపుకి వెళ్ళవచ్చు గదా అంటారా? మా ఊళ్ళో ఇంటింటికీ వచ్చి పని చేసి, ఏడాదికోసారి కళ్ళంలో మేర గింజలు కొలిపించుకున్న క్షురకతాత ఒకాయన వున్నాడు. ఆయనకీ డెబ్భై దాటాయి, పని మానేశాడు. ఆయన కొడుకు పిడుగురాళ్ళలో సెలూను పెట్టుకున్నాడు. అక్కడ మనిషికొక కొత్త బ్లేడు వేసి పారేసే కత్తి వాడతారు. 1990లనుంచి ఎయిడ్సు ప్రచారం వచ్చాక అన్నిచోట్లా ఆ పద్ధతే వచ్చింది. మంచిదే. ఒకే కత్తితో పదిమందికి గియ్యడం ఏ లెక్కనా సమర్థనీయం కాదు. కాని సొంత మొహానికి సొంత కత్తి అన్నప్పుడు ఆ అభ్యంతరం లేదు. పైగా కేవలం గడ్డం కోసం పదిహేను కిలోమీటర్లు బస్సెక్కించడానికి తాతయ్యని ఒప్పించగల మనిషి మా ఇంట్లో లేడు.

పిడి ఒక్కటే అమ్మేవాళ్ళు వున్నారా అని ఫోన్లో వెతికాను. వున్నారు. తపాలా ఖర్చుతో కలిపి రెండు వేలు దాటింది. 2021 చివర మిరపకి నల్ల తామరపురుగు పట్టి, పూతంతా రాలి, మావైపు రైతులు పచ్చని చేలని దున్నించేసిన సంగతి మీలో ఆ పక్కవాళ్ళకి గుర్తుండే వుంటుంది. ఆ ఏడు చేసిన అప్పు మా ఇంట్లో ఇంకా పూర్తిగా తీరలేదు. రెండు వేలంటే నా మెస్సు బిల్లులో పెద్ద ముక్క. అందుకని నూట యాభై రూపాయలు దాటకుండా నేనే చేస్తానన్నాను. నాన్న నమ్మలేదు. తాతయ్య నమ్మాడో లేదో చెప్పలేదు, కత్తి మాత్రం చేతికిచ్చాడు.

ముందు విరిగిన ముక్కల సంగతి చూశాను. పాలిపోయిన పసుపు రంగు, లోపల సన్నని చారలు. అది ఏనుగుదంతమని తాతయ్య యాభై ఏళ్ళుగా నమ్ముతున్నాడు. ముక్కని గుడ్డకేసి గట్టిగా రుద్ది వాసన చూస్తే గుడిలో హారతి వాసన వచ్చింది. దంతానికి కర్పూరం వాసన వుండదు గదా. సెల్యులాయిడుకి వుంటుంది. పత్తిని నత్రికామ్లంతో నైట్రోసెల్యులోజుగా మార్చి, దానికి కర్పూరం కలిపి చేసే పదార్థమది. అమెరికాలో జాన్ వెస్లీ హయట్ అనే ఆయన 1870లో దాని మీద పేటెంటు తీసుకున్నాడు. బిలియర్డు బంతులకి దంతం బదులు ఏం వాడాలా అని వెతుకుతూ అక్కడికి చేరాడాయన. పత్తీ, కర్పూరమూ రెండూ మా ఇంట్లో వుండేవే. పేటెంటు మాత్రం మాకు రాలేదు!

నువ్వుగింజంత పలుకుని దొడ్లో రాయి మీద పెట్టి అగ్గిపుల్ల చూపిస్తే భగ్గుమని లేచి క్షణంలో మాయమైంది. తొలినాటి సినిమా రీళ్ళు ఈ జాతివే. ఆ రోజుల్లో ప్రొజెక్టరు గదులు తరచు తగలబడడానికి అదే కారణం. 2014లో ప్లాస్టిక్ బంతులు వచ్చేదాకా మనం ఆడుకున్న టేబుల్ టెన్నిస్ బంతులు కూడా ఇవే. (ఎవరూ ఇంట్లో ప్రయోగం చెయ్యవద్దని మనవి.)

ఈ సెల్యులాయిడుకి వయసు మీదపడితే ఒక తెగులు వస్తుంది. తెగులు అనే అనాలి, ఇంకో మాట సరిపోదు. లోపలి నైట్రేటు బంధాలు విడిపోయి నైట్రోజన్ ఆక్సైడులు బయటికొస్తాయి. అవి గాలిలో తేమతో కలిసి ఆమ్లమవుతాయి. ఆ ఆమ్లం మిగతా పదార్థాన్ని ఇంకా వేగంగా తినేస్తుంది. పక్కన ఉక్కు వుంటే దానికీ తుప్పు పట్టిస్తుంది. తాతయ్య కత్తిలో పిడి గుల్లబారిన చోటికి సరిగ్గా ఎదురుగా అలుగు మీద మూడు తుప్పు మచ్చలు కనిపించాయి. అంటే పిడి బండ మీద పడి విరిగిందని మేమనుకున్నాంగాని, అది అంతకు చాలా ముందే లోపల చచ్చిపోయింది. బొబ్బర తెగులు సోకిన మిరపమొక్కని పక్కదానికి అంటకముందే పీకి పారేస్తాం. ఇదీ అంతే. అతికించడానికి వీల్లేదు, అలుగు దగ్గర వుంచడానికి కూడా వీల్లేదు. ఈ మాట చెప్పాక తాతయ్య తన చేతిలోంచి జారిందన్న బాధ కొంచెం తగ్గించుకున్నాడు. సైన్సు చదివినందుకు ఇంట్లో నాకు దక్కిన మొదటి గౌరవం అదేనేమో.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. మంగలికత్తికి పిడి అనే మాట నిజానికి సరైంది కాదు. కొడవలి పిడిని పట్టుకుని కోస్తాం. పారకి కామాని పట్టుకుని తవ్వుతాం. మంగలికత్తిని మాత్రం గడ్డం గీసేటప్పుడు పిడితో పట్టుకోరు. వేళ్ళన్నీ అలుగు మెడ మీద వుంటాయి, తోక మీద చిటికెనవేలు వుంటుంది, పిడి పైకి లేచి గాలిలో వుంటుంది. మరి దాని పనేమిటి? కత్తి వాడనంతసేపూ ఆ పదునుని కాపాడ్డం. అది పిడి కన్నా ఒర అనడమే న్యాయం. రోజుకి పది నిమిషాలు కత్తి పని చేస్తుంది, మిగతా ఇరవైమూడు గంటల యాభై నిమిషాలూ పిడి పని చేస్తుంది.

దాని నిర్మాణం చూడ్డానికి సులువు. రెండు పలుచని చెక్కలు, ఒక్కొక్కటి జానెడుకి తక్కువ. అలుగు తిరిగే చోట ఒక చీల. రెండో కొసన రెండు చెక్కల మధ్య వాలుగా చెక్కిన చిన్న ముక్క, దాన్ని పట్టి వుంచే ఇంకో చీల. ఆ ముక్కకి మన వడ్రంగులు ఏమంటారో గాని నేను సందుముక్క అంటాను. కష్టమంతా ఆ సందుముక్కలోనే వుంది. అది మరీ పలచనైతే చెక్కలు దగ్గరకొచ్చి అలుగు పక్కలకి రాసుకుంటాయి. మరీ మందమైతే చెక్కలు వదులై అలుగు ఊగుతుంది. ఒక పక్క వెంట్రుకవాసి ఎక్కువైతే అలుగు మూసేటప్పుడు పక్కకి వాలి, పదును చెక్కకి తగిలి, ఒక్క మూతతో నెలరోజుల నూరుడు పోతుంది. అంటే మూడంగుళాల అలుగు మూడు మిల్లీమీటర్ల సందులోకి, ఎటూ తగలకుండా, ప్రతిసారీ దిగాలి.

పాత చీలల్ని పీకకూడదు. పట్టుకారుతో లాగితే మెడ రంధ్రం చెడుతుంది. చీల తలని ఆకురాయితో సమంగా అరగదీసి, మొన తీసేసిన సన్నని మేకుతో మెల్లగా అవతలికి కొట్టాలి. దానికి ముందు పదును వైపంతా గుడ్డపట్టీ చుట్టాలి. ఈ రెండు పనులకీ ఒక సాయంకాలం పట్టింది. తుప్పు మచ్చల్ని నూనె వేసిన సన్నరకం ఉప్పుకాగితంతో ఓపిగ్గా రుద్దాను. రెండు పోయాయి, మూడోది గుంటపడి మిగిలింది. పదును దాకా రాలేదు కాబట్టి దాని జోలికి పోలేదు. మంట దగ్గరికి మాత్రం అలుగుని తేకూడదు. సుమారు రెండు వందల డిగ్రీలు దాటితే ఉక్కుకి పెట్టిన పానం సడలిపోతుంది. తరువాత ఎంత నూరినా పదును నిలవదు.

ఉక్కు అన్నాను గనక ఒక పక్కమాట. తెలంగాణలో నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి ఉక్కుముద్దలు చేసేవారు. పారశీక వర్తకులు అంతదూరం నుంచి వచ్చి కొనుక్కుపోయేవారు. దక్షిణాదిలో చేసిన ఆ రకం ఉక్కుని ఇంగ్లీషువాళ్ళు ఊట్జ్ అన్నారు. మన దక్షిణాది 'ఉక్కు' మాటే వాళ్ళ నోట్లో అలా తిరిగిందంటారు. లండనులో జేమ్స్ స్టోడార్ట్ అనే కత్తుల పనివాడు దానికి పెద్ద అభిమాని. అప్పటికి కుర్రవాడైన మైకేల్ ఫారడే ఆయనతో కలిసి ఈ ఉక్కు రహస్యం కనిపెట్టాలని ప్రయోగాలు చేసి, 1820లో ఉక్కు మిశ్రమాల మీద వ్యాసం వేశాడు. ఆ మిశ్రమాలతో మంగలికత్తులు చేయించి స్నేహితులకి పంపాడు కూడా. విద్యుత్తు పాఠంలో తప్ప ఫారడే పేరు వినని నాబోటివాళ్ళకి ఇది తెలియాలని రాశాను. తాతయ్య కత్తి మాత్రం జర్మనుదే, మనది కాదు.

ఇక చెక్క. దంతం సంగతి వన్యప్రాణి చట్టం దగ్గరే ఆగిపోతుంది. ఎర్రచందనం పేరెత్తితే ఫారెస్టువాళ్ళొస్తారు. గేదెకొమ్ము చాలా మంచిది. మన గోళ్ళలాగే అదీ కెరాటిను, వేడినీళ్ళలో మెత్తబడుతుంది, బల్లపరుపుగా అదమవచ్చు. కాని అమ్మ గేదెకొమ్ము వాసన ఇంట్లో రానివ్వనంది. హాస్టల్లో మిత్రులు తలొక సలహా ఇచ్చారు. ఒకడు ప్లాస్టిక్ స్కేలు రెండు ముక్కలు చెయ్యమన్నాడు. ఒకడు బళ్ళకి నంబరు ప్లేట్లు చేసే షాపులో ఆక్రిలిక్ ముక్కలు ఊరికే ఇస్తారన్నాడు. ఇది నిజంగా మంచి సలహా, ఎవరైనా చెయ్యదలిస్తే అన్నిటికన్నా చవకైన దారి అదే. వెదురు కూడా పనికొస్తుంది. నేను ముందుగా చెప్పుల డబ్బా అట్టతో నమూనా కోసుకుని, అలుగు పెట్టి మడిచి, ఆకారం ఖాయం చేసుకున్నాను. తరువాత సెలవులకి ఇంటికెళ్ళి కొట్టంలో పాత కర్రలు వెతుకుతుంటే, మూల నిలబెట్టిన నాగలి కనిపించింది.

నాగలి గురించి రెండు మాటలు. 2018లో అక్క పెళ్ళికి నాన్న ఎడ్లజతని అమ్మాడు. అప్పటికే దుక్కి ట్రాక్టరుతో చేయిస్తున్నాం. ఎడ్లు మేతకే గాని పనికి లేవు. తాతయ్య అమ్మొద్దనలేదు, అమ్మమనీ అనలేదు. వాటిని తోలుకుపోయిన రోజు సాయంత్రం నాగల్ని కడిగి, నూనె రాసి, కొట్టంలో నిలబెట్టాడు. అప్పటినుంచీ ఏరువాక పున్నమికి దానికి పసుపు, కుంకుమ పెట్టడం మాత్రం మానలేదు. నాగలి దుంపా, మేడీ రెండూ నల్లతుమ్మే. మా తాతల నాటినుంచి బండిచక్రానికీ నాగలికీ ఆ చెట్టే. వృక్షశాస్త్రం వారు దాన్ని అకేషియా నిలోటికా అనేవారు. 2005లో వియన్నాలో సమావేశమై అకేషియా అనే పేరు ఆస్ట్రేలియా చెట్లకే వుంచేశాక మన తుమ్మ వాచెల్లియా అయింది. మా ఊళ్ళో ఇంకా ఈ కబురు అందలేదు, తుమ్మ తుమ్మగానే వుంది.

మేడి చెయ్యి పట్టేచోట నల్లగా, గాజులాగా మెరుస్తోంది. ముప్ఫై ఏళ్ళ అరచేతి చెమట. ఆ కింద నిటారుగా జానెడున్నర ముక్క వుంది, ఎక్కడా కన్ను లేదు, పగులు లేదు. తాతయ్యని అడుగుదామని నోరు తెరిచేలోపు నాన్న వచ్చాడు.

"నాగలి కోస్తావంటరా?"

"ఊరికే వుంది గదా నాన్నా," అన్నాను.

"ఊరికే వుందని ఎవరు చెప్పారు నీకు? నేనమ్మింది ఎడ్లని. నాగల్ని కాదు."

మా నాన్న ఎప్పుడూ ఒక్క వాక్యానికి మించి మాట్లాడడు. అలాంటిది ఆ పూట చాలా మాట్లాడాడు. రేపు మళ్ళీ ఎడ్లు కొనమని ఎవరు చెప్పగలరన్నాడు. డీజిలు రేటెంతయిందో తెలుసా అన్నాడు. ఆయన మళ్ళీ ఎడ్లు కొనడని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. కాని నాగలి వున్నంతకాలం, ఎడ్లని అమ్మడం కొన్నాళ్ళకి చేసిన పనిగా వుంటుంది. మేడి కోస్తే, ఆ పని అయిపోయినట్టే. ఇది నాకు ఆ కొట్టంలో తట్టలేదు. హాస్టలుకి తిరిగొచ్చాక, రాత్రిపూట అట్ట నమూనా చేతిలో పెట్టుకుని కూర్చున్నప్పుడు తట్టింది. ఆ పూట మాత్రం రంపం తీసుకెళ్ళి అటక మీద పెట్టేశాను.

రెండు రోజులు ఇంట్లో ఎవరూ ఆ మాటెత్తలేదు. మూడోరోజు అన్నాలప్పుడు తాతయ్యే ఎత్తాడు. నాన్నవైపు చూడకుండా, కంచంలో మజ్జిగ పోసుకుంటూ అన్నాడు:

"పట్టుకునేది నేనే గదరా. అందులో పట్టుకుంటే ఏంది, ఇందులో పట్టుకుంటే ఏంది."

నాన్న చెయ్యి కడుక్కుని చేనికి వెళ్ళిపోయాడు. అవుననలేదు, కాదనలేదు. తాతయ్య నాతోపాటు కొట్టంలోకి వచ్చి, చేతికర్ర గోడకి ఆనించి, రంపం ఎక్కడ పడాలో బొటనవేలు గోటితో గీసి చూపించాడు. కోసేటప్పుడు మేడి రెండో కొస ఆయనే అదిమి పట్టుకున్నాడు.

ఎండిన తుమ్మని కొయ్యడం అంత తేలిక కాదు. రంపం పళ్ళు వేడెక్కుతాయి. వడ్రంగిమామ ఇచ్చిన సన్నరంపంతో నాలుగు మిల్లీమీటర్ల మందాన రెండు పలకలు తీసేసరికి భుజం పట్టేసింది. ఒక పలకకి మేడి పైచర్మం, ఆ నల్లటి మెరుపు, అలాగే వచ్చింది. ఆ వైపుకి ఉప్పుకాగితం తగలనివ్వలేదు. మిగతా పక్కలన్నీ నాపరాయి మీద ఉప్పుకాగితం పరిచి మూడు మిల్లీమీటర్లకి దించాను. తరువాత రెండు పలకల మధ్య కాగితం పెట్టి, చుక్కలుగా ఫెవికాలు వేసి అతికించి, రెంటినీ ఒకే చెక్కగా చేసి ఆకారం దిద్దాను, రంధ్రాలూ కలిపే వేశాను. అప్పుడు రెండూ కవలపిల్లల్లా వస్తాయి. పని అయ్యాక కాగితం తడిపితే విడిపోతాయి. ఇది తెలియక విడివిడిగా చేస్తే ఏ రెండు రంధ్రాలూ ఎదురుబొదురు రావు.

చీలలకి డబ్బెందుకు? గ్యాసు వెల్డింగువాళ్ళు ఇత్తడి అతుక్కి వాడే సన్నకడ్డీ ఒకటి పాయింటు ఆరు మిల్లీమీటర్లుంటుంది. పాత కత్తి రంధ్రం కొలతా అంతే. వెల్డింగు షాపులో జానెడు ముక్క అడిగితే నవ్వి ఊరికే ఇచ్చాడు. చీల తలకింద చిన్న ఇత్తడి బిళ్ళ వుండాలి, లేకపోతే చీల చెక్కలోకి దిగిపోతుంది. మూలపడ్డ కిరసనాయిలు స్టవ్వు రేకునుంచి బిళ్ళలు తీశాను. ముందు రంధ్రం వేసి, తరువాత చుట్టూ కత్తిరించాలి. తిరగేసి చేస్తే బిళ్ళ చేతిలోనే మెలితిరుగుతుంది. సందుముక్క కూడా మేడి తుంపులోదే. దాన్ని ఎన్నిసార్లు అరగదీసి, పెట్టి, మూసి, తీసి, మళ్ళీ అరగదీశానో లెక్క లేదు. దీపానికి ఎదురుగా పట్టుకుని చూస్తే అలుగుకి రెండు వైపులా సమానమైన వెలుగుచార కనిపించాలి. అదే పరీక్ష. అది కనిపించేసరికి పదకొండయింది.

చీల తల కొట్టడం మాత్రం బలంతో అయ్యే పని కాదు. బిళ్ళ దాటి మిల్లీమీటరుకి తక్కువే కడ్డీ వుంచి, కంసాలి సుత్తితో, చినుకు పడ్డట్టు కొట్టాలి. ఒక వైపు పది, తిప్పి ఇంకోవైపు పది. గట్టిగా ఒక్క దెబ్బ వేస్తే కడ్డీ లోపలే వంగి చెక్క పగులుతుంది. కొట్టినకొద్దీ ఇత్తడి గట్టిపడుతుంది. లోహశాస్త్రంలో దీన్ని చదువుకున్నాం, వేలికి తెలియడం మాత్రం అప్పుడే. ముందు తోకవైపు చీల, తరువాత అలుగు చీల. చివరికి చెక్కలకి అవిసెనూనె పట్టించాను. అది గాలిలో ఆక్సిజన్ని తీసుకుని గట్టిపొరగా మారుతుంది. ఆముదం అలా ఆరదు. అణువులో జంటబంధాల సంఖ్యలో తేడా అంతే. ఆముదం అలుగుకి రాసుకోవడానికి వుంచాం.

క్షురకతాత దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, నావైపు చూడకుండా కత్తి వైపే చూశాడు. సగం తెరిచి పట్టుకున్నాడు. అలుగు ఎక్కడ వదిలితే అక్కడ నిలబడింది. మూసి, తెరిచి, చెవి దగ్గర పెట్టుకుని మళ్ళీ మూశాడు.

"రాసుకోవడంలా," అన్నాడు. తరువాత, "చీల ఇంకో రెండు దెబ్బలు పట్టుద్ది. ఇప్పుడొద్దు, వానాకాలం పోయినాక కొట్టు. కర్ర ఎండాక వదులైద్ది," అన్నాడు. పిడిని వాసన చూసి, "తుమ్మా?" అన్నాడు. ఎక్కడిదో చెప్పాను. ఆయనేమీ అనలేదుగాని, సానరాయి తీయించి, తోలుపట్టా గుంజకి కట్టించి, మానేసిన పని ఆ పూటకి మళ్ళీ మొదలుపెట్టాడు. పట్టా మీద కత్తిని వెన్ను ముందుగా లాగాలి, పదును ముందు పెడితే తోలు తెగుతుంది. రాయి మీద వెన్నూ పదునూ రెండూ ఆనించే నూరాలి. పదహారు మిల్లీమీటర్ల వెడల్పుకి నాలుగున్నర మిల్లీమీటర్ల వెన్ను. కోణం లెక్కేస్తే సుమారు పదహారు డిగ్రీలు వచ్చింది. కోణమాపకం అక్కర్లేదు, వెన్నే కోణాన్ని కాస్తుంది. ఈ లెక్క ఆయనకి చెబితే, "నాకు తెలవదు బాబూ, మా నాయన ఇట్టా పట్టుకోమన్నాడు," అన్నాడు.

మర్నాడు పొద్దున తాతయ్యకి ఆయనే వచ్చి గీశాడు. ఇద్దరూ అరుగు మీద ఎదురెదురుగా కూర్చున్నారు. వాళ్ళ మాటలు వర్షాల గురించి, చచ్చిపోయినవాళ్ళ గురించి. పని అయ్యాక తాతయ్య చెంప తడుముకుని, కత్తి మూసి, ఆ నల్లటి మెరుపు వున్న వైపు బొటనవేలితో రెండుసార్లు రాశాడు. ఆ పూట ఆయన అరుగు దిగలేదు.

ఖర్చు లెక్క: ఉప్పుకాగితాలు మూడు రకాలు నలభై అయిదు రూపాయలు, సన్నని డ్రిల్లు ముల్లు ముప్ఫై, అవిసెనూనె చిన్న సీసా నలభై. మొత్తం నూట పదిహేను. ఫెవికాలు హాస్టల్లో మిత్రుడిది. బస్సుచార్జీలు కలపలేదు, ఎలాగూ ఇంటికి వెళ్ళేవాణ్ణే గనక. నాగలి లెక్కలో ఎలా వెయ్యాలో తెలియక వెయ్యలేదు.

మిగిలిన మేడి ముక్క, దుంప, కర్రు కొట్టంలోనే వున్నాయి. మొన్న సంక్రాంతి సెలవులకి వెళ్ళినప్పుడు చీల బిగిద్దామని కత్తి తీశాను. అలుగుకి కొత్తగా ఆముదం రాసి వుంది. పక్కన మిగిలిన మేడికి కూడా కోసినచోట నూనె పట్టించి వుంది. తాతయ్య తను రాయలేదన్నాడు. అమ్మకి సంగతే తెలియదు. నాన్నని నేనడగలేదు.